దారి కంఠతా వచ్చినవాడి మెడికల్

మా టాక్సీ స్టాండులో ఎవరికి లైసెన్సు రెన్యువల్ దగ్గర పడినా ఇప్పుడు నా దగ్గరికి వస్తున్నారు. "మునిరత్నమన్నా, మెడికల్‌లో ఏమేమి చూస్తారు?" అని అడుగుతారు. ఇదివరకు ఈ ప్రశ్న చెంగప్పను అడిగేవాళ్ళు. చెంగప్ప నాకంటే నాలుగేళ్ళు పెద్ద, రాబర్ట్‌సన్‌పేట స్టాండులో అందరికంటే పాత డ్రైవరు. ఆయన దగ్గరికి పోవలసినవాళ్ళు నా దగ్గరికి ఎందుకు వస్తున్నారో ఒక్కొక్కరికి చెప్పే ఓపిక నాకు లేదు. అందుకే రాసి పెడుతున్నాను. రాయమన్నది మా టీచరమ్మ. "నోటితో అప్పజెప్పేది నీకు చిన్నప్పట్నించీ బాగా వచ్చు, ఈసారి రాయి" అంది. అందులో ఎత్తిపొడుపు ఉంది. ఎందుకో ముందుకు పోతే తెలుస్తుంది.

కంగారు పడేవాళ్ళ కోసం అసలు సంగతి ముందే చెప్పేస్తాను. ఎత్తు, బరువు చూస్తారు. బీపీ చూస్తారు. పిడికిలి బిగించమంటారు, మోకాళ్ళు వంచమంటారు. వెనక నిలబడి మెల్లగా పేరు పిలిచి చెవి వినిపిస్తుందో లేదో చూస్తారు. రంగురంగుల చుక్కల పుస్తకంలో అంకెలు చెప్పమంటారు. మూర్ఛ ఉందా, కళ్ళు తిరుగుతాయా అని అడుగుతారు. గోడ మీది చార్టు చదవమంటారు, దూరంగా నిలబెట్టిన కారు నంబరు చెప్పమంటారు. అంతే, అరగంట కూడా పట్టదు. ఆ అరగంట పనికి నాకు ఏడు నెలలు పట్టింది.

ఫిబ్రవరి

నా వయసు యాభై ఆరు. మా నాన్న చిత్తూరు వైపు పల్లె నుంచి వచ్చి కోలారు బంగారు గనిలో పనికి చేరాడు. నేను పుట్టింది గనివాళ్ళు కూలీలకు వరసగా కట్టించిన లైన్ ఇంట్లోనే. నాకు వచ్చిన మొదటి ఇంగ్లీషు మాట 'అన్‌ఫిట్'. ఆ మాట పడితే ఉద్యోగం పోతుందని, ఉద్యోగంతో బాటు తలమీది కప్పు కూడా పోతుందని లైన్లలో పిల్లలకు సైతం తెలుసు. మెడికల్ వస్తోందంటే మా ఇంట్లో హడావుడి చూడాలి. వారం ముందు నుంచి అమ్మ మిరియాల కషాయం కాచేది. నాన్న ఆదివారం పూట, గని మట్టి పోసిన సయనైడ్ దిబ్బ పక్కనున్న మెట్లు ఎక్కి దిగి, రొప్పకుండా మాట్లాడడం ప్రాక్టీసు చేసేవాడు. డాక్టరు గొట్టం పెట్టినప్పుడు ఊపిరి ఎంతవరకు పీల్చాలో, ఎక్కడ ఆపితే దగ్గు రాదో పక్కింటివాళ్ళు ఒకరికొకరు నేర్పించుకునేవారు. డాక్టరును గెలవాలి, అంతే. డాక్టరు మన మంచికే చూస్తున్నాడేమో అన్న ఆలోచన మా లైన్లో ఎవరికీ వచ్చినట్టు లేదు.

నాన్న అన్ని మెడికల్స్‌లోనూ గెలిచాడు. చివరిది కూడా. ఆ తర్వాత మూడేళ్ళకు పడుకుంటే ఊపిరి ఆడక, గోడకు ఆనుకుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు.

దీన్నుంచి నేను బుద్ధి తెచ్చుకోవాలి కదా. తెచ్చుకోలేదు. గనులు మూతపడ్డాయి, మేము స్టీరింగులు పట్టుకున్నాం, ఆ విద్య మాత్రం మాతోనే వచ్చింది. మా స్టాండులో అది చార్టు రూపంలో ఉండేది. మాకు మెడికల్ సర్టిఫికెట్ ఇచ్చే డాక్టరమ్మ క్లినిక్‌లో కన్నడ అక్షరాల చార్టు ఉంది. ఎవరు మెడికల్‌కు వెళ్ళి వచ్చినా ఆ అక్షరాలను తర్వాతివాడికి అందించాలి. అక్షరాలు విడిగా గుర్తుండవు కాబట్టి చెంగప్ప వాటిని ఊళ్ళు చేశాడు. చివరి వరస 'నంగలి, టేకల్, ముళబాగిలు, శ్రీనివాసపురం, కురుడుమలె.' ఊరు మనసులో అనుకోవాలి, మొదటి అక్షరం మాత్రం పైకి అనాలి. రోజూ బాడుగలకు తిరిగే ఊళ్ళే, ఇంక మరిచిపోయేదేముంది?

"కండ్లు మూసుకోని చెప్పినా తప్పు రాకూడదప్పా. కానీ మూసుకోవద్దు, డాక్టరమ్మ చూస్తా ఉంటాది" అనేవాడు చెంగప్ప.

నాకు ఆ పాఠం నిజంగా అవసరమైంది. దసరా నుంచి కుడి కంటికి నూనె పూసిన గాజులోంచి చూస్తున్నట్టు ఉండేది. ఎదురుగా వచ్చే బండి లైటు మూడు నాలుగు లైట్లుగా చీలేది. ఎడమ కన్ను కూడా మసకేసి, అందులో అప్పుడప్పుడు నల్లటి పోగులు తేలేవి. ఎన్ని నీళ్ళు తాగినా దాహం తీరేది కాదు. నేను బండి ముందరి అద్దం తుడుస్తూ ఉండేవాడిని.

నా భార్య సరోజ అన్నీ గమనిస్తూనే ఉంది. "అద్దం రుద్ది రుద్ది అరిగిపోతా ఉండాది. తుడవాల్సింది అద్దం కాదు, కండ్లు చూపించుకో" అంది ఒకరోజు.

"అద్దం మీద దుమ్ము ఉంటే నా కండ్లేం చేస్తాయి?" అన్నాను.

"కాఫీ గ్లాసులో పోయకుండా పక్కన పోస్తివే, ఆడ కూడా దుమ్మేనా?"

కోపం తెచ్చుకుని బయటికి వచ్చేశాను. జవాబు లేనప్పుడు కోపం తెచ్చుకోవడం కూడా నాన్న దగ్గర నేర్చుకున్నదే.

మెడికల్ రోజు క్లినిక్ బెంచీ మీద నాతో బాటు ఇంకో ముగ్గురు డ్రైవర్లున్నారు. అందరి పెదవులూ కదులుతున్నాయి. బయటినుంచి చూసేవాళ్ళు జపం చేస్తున్నారనుకుంటారు. లోపలికి వెళ్ళాక మిగతావన్నీ బాగానే జరిగాయి. చార్టు ముందు నిలబెట్టి, ఎడమ కన్ను మూసుకోమంది డాక్టరమ్మ. ఎదురుగా గోడ ఉంది, గోడ మీద మసక మరక ఉంది. నేను నంగలిలో బయలుదేరి, ఎక్కడా ఆగకుండా కురుడుమలె చేరాను.

"ఏమప్పా, వయసు యాభై ఆరు, కండ్లు ఇరవై ఆరు!" అంది ఆవిడ మెచ్చుకుంటూ. తర్వాత కిటికీలోంచి చూపించి, ఆ తెల్ల కారు నంబరేదో చెప్పమంది. అది నా కారే. చెంగప్ప సలహా మీద అక్కడ నిలబెట్టి వచ్చాను.

ఆవిడ సంతకం చేస్తూ నా మొహం చూసి, "నీళ్ళు ఎక్కువ తాగుతావా? షుగర్ ఎప్పుడైనా చూపించుకున్నావా?" అని అడిగింది. లేదన్నాను. ఒక చీటీ రాసి ఇచ్చింది. "ఇది లైసెన్సుకు కాదు, నీకు. రేపే చేయించుకో." బండిలో కూర్చోగానే దాన్ని సీటు ముందరి సన్‌షేడ్ వెనక దూర్చేశాను. స్టాండులో అందరికీ బన్నూ టీ ఇప్పించాను. గెలిచి వచ్చానని ఛాతీ విరుచుకుని తిరిగాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తోంది.

ఏప్రిల్

టీచరమ్మ సంగతి చెప్పాలి. పేరు నాగవేణి. గని లైన్లలో ఉన్న తెలుగు స్కూల్లో నాకు మూడో తరగతి చెప్పింది. పెళ్ళి చేసుకోలేదు, తమ్ముడి ఇంట్లో ఉంటుంది. ఇప్పుడు డెబ్బై దాటింది. కిడ్నీలు పనిచేయడం మానేసి రెండేళ్ళు. మంగళవారం, శుక్రవారం కోలారుకు డయాలిసిస్‌కు వెళ్ళాలి. ఆ రెండు రోజులూ నేను వేరే బాడుగ ఒప్పుకోను. పోయేటప్పుడు కబుర్లు చెబుతుంది, దేశంలో అందరినీ తిడుతుంది. వచ్చేటప్పుడు అలసిపోయి, బంగారపేట దాటకముందే వెనక సీట్లో నిద్రపోతుంది. సన్నగా గురక పెడుతుంది. చిన్నప్పుడు మమ్మల్ని గడగడలాడించిన మనిషి నా బండిలో పసిపిల్లలా నిద్రపోతుంటే నాకు ఎంత గర్వంగా ఉండేదో చెప్పలేను.

ఆవిడ ఎడమ చేయి మీద సూదులు గుచ్చే చోట నరం తాడులా ఉబ్బి ఉంటుంది. ముట్టుకుంటే లోపల బుయ్యిమంటుంది. "ఇది పాడైతే నేను లేను" అని నవ్వుతూ చెప్పేది. ఆ చేతిని ఒళ్ళో దిండు మీద పెట్టుకుని కూర్చునేది.

ఆ మంగళవారం పొద్దున బంగారపేట దాటి పోతున్నాం. ఒక స్కూలు ఎదురుగా రోడ్డు నేరుగా ఉంటుంది. పదిహేనేళ్ళుగా అక్కడ నేను స్పీడు తగ్గించింది లేదు. ఒక్కసారిగా బండి ఎగిరి పడింది. తల కప్పుకు తగిలింది. వెనక నుంచి "అమ్మా!" అన్న కేక. బ్రేకు వేసి తిరిగి చూస్తే టీచరమ్మ సీటు కిందికి జారి ఉంది, ఎడమ చేయి తలుపు హ్యాండిల్‌కు కొట్టుకుంది.

అంతకుముందు శనివారమే అక్కడ కొత్త స్పీడు హంపు వేశారట. ముందర బోర్డు పెట్టారు, పక్కన సున్నం పూసిన రాళ్ళు వరసగా పెట్టారు. తర్వాత నేను నడిచి వెళ్ళి చూశాను. ఆ రాళ్ళు ఎవరికైనా కనబడతాయి.

కోలారు చేరేలోగా ఆవిడ చేయి వాచిపోయింది. నర్సు చూసి పరుగున పోయి పెద్ద డాక్టరును పిలిచింది. నన్ను బయట కూర్చోమన్నారు. ఆ బెంచీ మీద నేను కూర్చున్న గంటన్నర నా జన్మలో మరువను. ఎదురుగా ఎవరి కూతురో ఇడ్లీ పొట్లం విప్పి తండ్రికి తినిపిస్తోంది. నా మొహం చూసి నాకూ ఒకటి పెట్టింది. "మీవాళ్ళలో ఎవురికి బాగలేదన్నా? తినండి, ఏమీ కాదు" అంది. 'దెబ్బ తగిలింది నావల్లే' అని చెప్పలేక ఆ ఇడ్లీని చేతిలో పట్టుకునే కూర్చున్నాను. చివరికి నర్సు వచ్చి, "నరం పనిచేస్తా ఉండాది, భయం లేదు. ఐసు పెట్టినాము" అంది. గోడవైపు తిరిగి ఏడ్చాను.

తిరుగు ప్రయాణంలో టీచరమ్మ నిద్రపోలేదు. అద్దంలోంచి నన్నే చూస్తోంది. నేను హంపు వేసినవాళ్ళను తిడుతూ, రోడ్డును తిడుతూ తోలుతున్నాను. బంగారపేట దాటాక ఒక మలుపు ఉంది.

"బండి పక్కకి నిలుపు" అంది. నిలిపాను. "ఆ బోర్డు మీద ఏమి రాసుండాదో చదువు."

ఆ మలుపులో ఏ బోర్డు ఉందో నాకు తెలియనిదా? "సిమెంటు బోర్డు కదమ్మా. గట్టి ఇంటికి గట్టి సిమెంటు అని" అన్నాను.

ఆవిడ ముందుకు వంగింది. "సిమెంటు బోర్డు తీసేసి నెలాయెరా. ఇప్పుడుండేది కల్యాణ మంటపం బోర్డు. పెండ్లికూతురి మొగమే నీ బండంత ఉండాది."

నేను కళ్ళు చిట్లించాను. ఎరుపూ పసుపూ కలిసిన మరక కనబడింది. అది మొహమని ఆవిడ చెప్పాక కూడా నాకు తెలియలేదు.

"మూడో క్లాసులో ఆవు పాఠం గుర్తుండాదా నీకు?" అంది. "పుస్తకం ముందర పెట్టుకోని, ఒక్క తప్పు లేకుండా గడగడా చదివినావు. దగ్గిరికి వచ్చి చూస్తే తెరిచి పెట్టుకున్నది ఎక్కాల పేజీ. ఆ పొద్దు నవ్వొచ్చి వదిలేసినాను. ఈ పొద్దు నవ్వు రాలేదు. నువ్వు దారి చూడ్డం లేదురా మునిరత్నం, అప్పజెబుతా ఉండావు. ఆ స్కూలు పిల్లోళ్ళు ఎవురైనా అడ్డం వచ్చింటే? వాళ్ళు నీ పాఠంలో లేరు కదా."

నేను స్టీరింగు మీద తల పెట్టేశాను. కుడి కన్ను సంగతి, చార్టు సంగతి, సన్‌షేడ్ వెనక చీటీ సంగతి అన్నీ చెప్పేశాను. ఆవిడ అంతా విని, "చెంగప్పకు ఫోన్ చెయ్యి. బస్సులో వచ్చి బండి తీసుకుపోతాడు. నువ్వు దిగు" అంది. చెంగప్ప వచ్చేదాకా గంటసేపు రోడ్డు పక్కన మామిడి చెట్టు నీడలో కూర్చున్నాం. డయాలిసిస్ అయిన ఒంటితో, వాచిన చేతితో ఆవిడ నాకోసం ఆ వేడిలో కూర్చుంది. ఒక్కసారి కూడా తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

మే

డాక్టరమ్మ దగ్గరికి ఒక్కడినే వెళ్ళాను. "మేడమ్, ఫిబ్రవరిలో నేను చార్టు చదవలా. అప్పజెప్పినాను" అన్నాను. ఆవిడకు అర్థం కాలేదు. నంగలి నుంచి కురుడుమలె దాకా మొత్తం చెప్పి చూపించాను, గోడకు వీపు పెట్టి నిలబడి. ఆవిడ మొహంలో నవ్వు మొదలై, సగంలోనే ఆగిపోయింది.

"ఎంతమంది?" అంది.

"స్టాండు మొత్తం" అన్నాను.

ఆవిడ కుర్చీలో వెనక్కి వాలి కూర్చుంది. "నేను సంతకం పెట్టినానప్పా. నువ్వు పోయి ఎవరికైనా గుద్దింటే? డ్రైవరు బ్యాడ్జి కోసం వచ్చినవాళ్ళని నేనేమన్నా తినేస్తానా?" అంది. కోపం కంటే ఆ బాధే నన్ను ఎక్కువ కుదిపింది. ఆ నిమిషమే లేచి గోడ మీది చార్టు తీసేసింది. "ఆర్టీవో ఆఫీసుకు లెటర్ నేనే రాస్తాను. నేను మళ్ళా సర్టిఫికెట్ ఇచ్చేదాకా స్టీరింగు ముట్టుకోవద్దు" అంది. తర్వాత నా వేలు తనే పట్టుకుని సూదితో పొడిచి షుగర్ చూసింది. అంకె చూసి మెల్లగా, "ఇంత షుగర్ పెట్టుకోని ఎట్ల నడుస్తా ఉండావు?" అంది.

కోలారు కంటి ఆసుపత్రిలో చెప్పింది ఇదీ. కుడి కంటికి పొర వచ్చింది, అది తీసేయవచ్చు. రెండు కళ్ళ వెనక షుగర్ వల్ల నరాలు చెడుతున్నాయి. లేజర్ పెట్టి ఆపాలి, పోయిన చూపంతా రాకపోవచ్చు, ఉన్నది నిలబెట్టుకోవచ్చు. "ఇంకో ఏడాది ఆగి వచ్చింటే?" అని అడిగాను. అక్కడి డాక్టరు నా భుజం తట్టాడు.

ఇంట్లో సరోజ మూడు రోజులు నాతో మాట్లాడలేదు. కంచం పెడుతుంది, నీళ్ళు పెడుతుంది, మాట లేదు. బెల్లం డబ్బా ఎక్కడ దాచిందో కనిపెట్టలేకపోయాను. నాలుగో రోజు రాగిముద్ద కంచంలో వేస్తూ ఒక్కసారిగా ఏడ్చేసింది.

"మామ కూడా ఇట్లే చేసినాడు. దగ్గు దాచి దాచి పోయినాడు. అత్త గోడ చూసుకోని కూర్చునేది, ఆ గోడకి ఆయన వీపు మరక ఉండాదని సున్నం కూడా వెయ్యనీలేదు. నన్ను కూడా అట్ల కూర్చోబెట్టాలనా?"

నేను సరోజ చేయి పట్టుకున్నాను. ముప్ఫై ఏళ్ళ కాపురంలో "భయంగా ఉండాది సరోజా" అన్నది అదే మొదటిసారి. భయపడినందుకు ఆవిడ తిట్టలేదు. ఇంకో సగం ముద్ద వేయబోయి, షుగర్ గుర్తొచ్చి వెనక్కి తీసుకుంది. ఇద్దరికీ నవ్వు వచ్చింది.

స్టాండులో మాత్రం నాకు నవ్వు దొరకలేదు. డాక్టరమ్మ చార్టు మార్చేసిందని తెలిసి అందరూ మొహాలు తిప్పుకున్నారు. "ఇన్నేండ్లుగా ఎవురూ నోరు జారలా. నువ్వొకడివి సత్యహరిశ్చంద్రుడు బయలుదేరినావు" అన్నాడు చెంగప్ప. నెల రోజులు ఎవరూ నన్ను టీకి పిలవలేదు. నేను కూడా తక్కువ తినలేదు, వాళ్ళ టీ నాకేం అవసరమని ఇంట్లోనే కూర్చున్నాను. చక్కెర లేని టీ ఎక్కడ తాగినా ఒకటే.

అయినా మంగళవారం, శుక్రవారం టీచరమ్మను తీసుకుపోవడానికి నా బండి తాళం తీసుకున్నది చెంగప్పే. నేనడగలేదు. పొద్దున్నే గుమ్మం ముందు నిలబడి చేయి చాపాడు, అంతే. నాకూ ఆసుపత్రి పనే కాబట్టి ముందు సీట్లో నేను, వెనక ఆవిడ. నా బండిలో నేనే పాసింజరును.

జూన్, జూలై

కంటి ఆసుపత్రి బెంచీల మీద కూర్చోబోయేవాళ్ళకు ఒక మాట. కళ్ళలో చుక్కల మందు వేశాక రెండు మూడు గంటలు అన్నీ మసకే, వెలుతురు సూదుల్లా గుచ్చుకుంటుంది. తోడు ఎవరినైనా తెచ్చుకోండి. లేజర్‌కు నొప్పి తక్కువే, భయమే ఎక్కువ. పచ్చటి మెరుపులు వరసగా కొడతాయి. నేను మొదటిసారి కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాను. అక్కడ పనిచేసే ఒకావిడ, శ్రీనివాసపురం వైపు మనిషి, నా వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి, "ఊరికే ఉండన్నా. ఈసారి మామిడికాయలు ఎట్లుండాయో చెప్పు" అంది. నేను బేనీషా గురించి చెబుతుండగానే అయిపోయింది. ఆవిడ పేరు అడగలేదు. అడగాల్సింది.

చెంగప్ప మంగళవారాలు టీచరమ్మను దించి వచ్చి నా పక్కన కూర్చునేవాడు. మొదట్లో మాటల్లేవు. ఒకరోజు ఆ బెంచీ మీదే చెవి దగ్గరికి వంగి, "మునిరత్నం, నేను ఆ చార్టు నిజంగా చదివి ఎన్నేండ్లాయెనో తెలుసునా?" అన్నాడు. నేను చీటీ కౌంటరు చూపించాను. గంటకు బయటికి వచ్చాడు. కళ్ళజోడు పడింది, ఇంకేమీ లేదు. ఆ జోడు పెట్టుకున్న రోజు స్టాండంతా ఆయన్ని 'మాస్టారూ' అని ఏడిపించారు. ఆయన మాత్రం వేపచెట్టు ఆకులు విడివిడిగా ఉంటాయని చిన్నపిల్లాడిలా అందరికీ చూపించాడు. నన్ను టీకి పిలిచింది ఆ సాయంత్రమే.

ఒక్క సంగతి మాత్రం నన్ను లోపల కొరుకుతూనే ఉండేది. ఆ హంపు తర్వాత టీచరమ్మ బండిలో నిద్రపోవడం మానేసింది. చెంగప్ప మెల్లగానే తోలేవాడు. అయినా ఆవిడ ఎడమ చేతిని కుడి చేత్తో పట్టుకుని, కళ్ళు తెరుచుకుని కూర్చునేది. అలసటతో తల వాలిపోతే ఉలిక్కిపడి లేచేది. ముందు సీట్లోంచి నేను అద్దంలో అంతా చూస్తూ ఉండేవాడిని. ఆ నిద్రను చెడగొట్టింది నేను.

షుగర్ దిగాక జూలైలో కుడి కంటి పొర తీశారు. మర్నాడు కట్టు విప్పారు. మొదట కనబడింది గోడ. అది తెలుపని నాకు అప్పుడే తెలిసింది, అన్నాళ్ళూ మా ఇంటి గోడలు కూడా లేత పసుపనుకుంటున్నాను. పక్కకు తిరిగితే సరోజ.

"నీ తల ఎప్పుడు నెరిసింది?" అన్నాను.

"మూడేండ్లాయె" అంది. "ఇప్పుడైనా చూసినావే, అదే పదివేలు." అని కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఎంత అందంగా ఉందో చెప్పాలనిపించింది కానీ పక్క మంచాల్లో జనం ఉన్నారు. ఇక్కడ రాస్తున్నాను, చదువుకుంటుంది.

సెప్టెంబరు

వినాయక చవితి అయ్యాక, నా కళ్ళ కోసం సరోజ మొక్కిన మొక్కు తీర్చడానికి కురుడుమలె వినాయకుడి దగ్గరికి వెళ్ళాం, బస్సులో. దారి పొడుగునా బోర్డులు చదువుతూనే ఉన్నాను. "ఇంగ చాలు, జనం చూస్తా ఉండారు" అని సరోజ మోచేత్తో పొడిచింది.

తర్వాతి సోమవారం మళ్ళీ డాక్టరమ్మ క్లినిక్ బెంచీ. కంటి ఆసుపత్రి కాగితాలు, షుగర్ కాగితాలు అన్నీ ఒక కవరులో పెట్టుకున్నాను. ఈసారి నా పెదవులు కదల్లేదు, కవరులో కాగితాలు తీసి మళ్ళీ మళ్ళీ సర్దుకున్నాను. కంఠతా వచ్చినప్పుడు భయం ఉండదు, నిజంగా చూడాలంటేనే భయం. 'అన్‌ఫిట్' అంటే ఏమి చేయాలో కూడా ఆలోచించుకున్నాను. బండి చెంగప్ప చెల్లెలి కొడుక్కి ఇచ్చేయాలి, నేను పూల అంగడి పెట్టుకోవాలి.

డాక్టరమ్మ కిటికీలోంచి చూసి, "నీ కారు ఎక్కడ?" అంది.

"నడిచి వచ్చినాను మేడమ్."

"మంచిది" అని, రోడ్డుకు అవతల నిలబడిన ఒక టెంపో నంబరు చెప్పమంది. చెప్పాను. ఆ టెంపోను అంతకుముందెన్నడూ చూసి ఎరుగను.

గోడ మీద కొత్త చార్టు ఉంది. ఎడమ కన్ను మూసుకున్నాను. అక్షరాలు నల్లగా, విడివిడిగా ఉన్నాయి. ఒక్కొక్కటే పట్టుకుంటూ దిగాను. ఏ ఊరూ గుర్తు రాలేదు. నేను పాస్ కావలసిన వరస దాటాక ఆవిడ ఇంకో వరస కిందికి పుల్ల పెట్టింది. అక్కడ చాలాసేపు ఆగాను. చివరి అక్షరం 'వ' అన్నాను.

"అది 'ప' అప్పా" అంది.

ఇంక పూల అంగడే అనుకున్నాను. ఆవిడ మాత్రం నవ్వుతూ పెన్ను మూత తీసింది. "అది చదవకపోయినా పరవాలేదు. మూడు నెలలకోసారి కంటి ఆసుపత్రికి పోవాలి, షుగర్ కాగితం నాకు చూపించాలి. చీకటి పడినాక బాడుగలు వద్దు. తెలిసెనా?" అని సంతకం చేసింది. నేను ఆ కాగితాన్ని రెండు చేతులతో అందుకున్నాను.

బాడుగలు తగ్గుతాయి, తగ్గనీ.

లైసెన్సు పని ముగిశాక వచ్చిన మొదటి మంగళవారం నేనే స్టీరింగు ముందు కూర్చున్నాను. టీచరమ్మ దిండు, సంచీ పట్టుకుని వచ్చి, ఎక్కకుండా తలుపు దగ్గరే నిలబడింది.

"చార్టు అంతా కరెక్టుగా చదివినావా?" అంది.

"ఒకటి తప్పు పోయిందమ్మా."

ఆవిడ మొహం విప్పారింది. "తప్పు పోయెనా? అయితే చదివినావులే" అని ఎక్కి కూర్చుంది.

పోయేటప్పుడు స్కూలు దగ్గర హంపు ముందు బాగా దూరం నుంచే బండి మెల్లగా చేశాను. ఆవిడ రాళ్ళవైపు చూసింది, నావైపు చూసింది. చేతిని మాత్రం గట్టిగా పట్టుకునే ఉంది. వచ్చేటప్పుడు బాగా అలసిపోయింది. "బోర్డులు చదువుతా తోలు, వింటాను" అంది. కోలారు పొలిమేర నుంచి మొదలుపెట్టాను. ఎరువుల అంగడి, కంటి శిబిరం, రాగి విత్తనాలు, పాల డెయిరీ, స్కూలు ముందు మెల్లగా పోండి. ఆ బోర్డు చదివాక వెనక నుంచి పలుకు లేదు. అద్దంలో చూశాను. టీచరమ్మ తల పక్కకు వాలి ఉంది, ఎడమ చేయి పట్టు వదిలి దిండు మీద పడి ఉంది, సన్నగా గురక.

ముందర హంపు కనబడుతోంది. రెండో గేరులోకి దించి, ముందు చక్రాలు, తర్వాత వెనక చక్రాలు, ఒక్కొక్కటిగా ఎక్కించి దించాను. ఆవిడ లేవలేదు.